ఒకే అట్టబొమ్మ, వేర్వేరు ముద్రణలు: పాత సూపర్‌హీరో కామిక్స్‌ను గుర్తుపట్టేదెలా?

2025 నవంబరులో అమెరికాలో జరిగిన ఒక వేలంలో 1939 నాటి ‘సూపర్‌మ్యాన్’ మొదటి సంచిక 91.2 లక్షల డాలర్లు పలికింది. ఉత్తర కాలిఫోర్నియాలో తల్లి ఇంటి అటక సర్దుతుంటే కొడుకులకు దొరికిన పుస్తకమది. వచ్చినప్పుడు దాని ధర 10 సెంట్లు. ఇలాంటి వార్త వచ్చినప్పుడల్లా కర్నూలు, అనంతపురం, కడపల్లోనూ అటకల మీది ట్రంకుపెట్టెలు కిందికి దిగుతాయి. నాన్న దాచుకున్న ఫాంటమ్ పుస్తకాలు, బెంగళూరు ఫుట్‌పాత్ మీద కొన్న స్పైడర్‌మ్యాన్‌లు, గుజిరీ అంగట్లో తూకానికి తెచ్చిన కట్టలు ఫొటోలై వాట్సాప్ గ్రూపులకెక్కుతాయి. అన్నింటి కిందా ఒకటే ప్రశ్న: ‘‘ఇది ఎంత చేస్తుంది?’’

ఆ ఫొటో చూసి ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. అది ఏ పుస్తకమో ముందు తేలాలి. ఒకే కథ, ఒకే అట్టబొమ్మ, ఒకే సంచిక సంఖ్య ఉన్న పుస్తకం నాలుగైదు రకాలుగా అచ్చయి ఉండొచ్చు. వాటిలో ఒకటి లక్షలు చేస్తే, ఇంకొకటి పోస్టు ఖర్చు కూడా రాబట్టకపోవచ్చు. ఆ తేడా అట్టబొమ్మలో కనపడదు. ధర వేసిన గడిలో, బార్‌కోడ్ ఉన్న చోట, లోపలి చిన్నక్షరాల్లో, స్కేలు పెట్టి కొలిస్తే వచ్చే అంగుళాల్లో కనపడుతుంది.

మొదటి సంచిక వేరు, మొదటి ముద్రణ వేరు

వేలంలో రికార్డు కొట్టిన ఆ ‘సూపర్‌మ్యాన్’ మొదటి సంచికనే తీసుకుందాం. 1939లో అది మూడుసార్లు అచ్చయింది. మూడూ మొదటి సంచికలే, అట్ట కూడా ఒకటే. మొదటి ముద్రణను పట్టిచ్చేది లోపలున్న ఒక ప్రకటన. ‘యాక్షన్ కామిక్స్’ 14వ సంచిక జూన్ 2న విడుదల అని అందులో ఉంటుంది. తర్వాతి ముద్రణల్లో అదే చోట ‘ఇప్పుడు అమ్మకంలో ఉంది’ అని మార్చారు. అంతటి పుస్తకం సంగతి కూడా ఒక చిన్న వాక్యం దగ్గరే తేలుతుంది.

ఇంకో రకం తికమక పునర్ముద్రణలతో వస్తుంది. సూపర్‌మ్యాన్ తొలిసారి కనిపించిన ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికను (అట్ట తేదీ 1938 జూన్) డీసీ సంస్థ 1974లో పెద్ద సైజులో మళ్లీ వేసింది. లోపలి పేజీలు, ప్రకటనలు, 10 సెంట్ల ధర అన్నీ పాతదానిలాగే ఉంచి, పైన ఇంకో అట్ట తొడిగింది. ఆ పై అట్ట ఊడిపోయినా, ఎవరైనా ఊడదీసినా, చేతిలో మిగిలేది అచ్చం 1938 పుస్తకంలాగే కనిపిస్తుంది. స్కేలు పెడితే మాత్రం దొరికిపోతుంది: పునర్ముద్రణ సుమారు 10 అంగుళాల వెడల్పు, 13½ అంగుళాల పొడవు. అసలుది ఎత్తులో 10½ అంగుళాలు దాటదు. ‘‘తాతగారి పెట్టెలో 1938 సూపర్‌మ్యాన్ దొరికింది’’ అని వినిపించినప్పుడు మొదట అడగాల్సింది పొడవెంత అని.

ఇప్పుడు అమెరికా ప్రచురణ సంస్థలు మార్వెల్, డీసీ రెండూ ‘ఫ్యాక్సిమిలీ’ పేరుతో పాత సంచికలను పాత ప్రకటనలతో సహా కొత్త కాగితం మీద అచ్చేస్తున్నాయి. వాటిని దాచిపెట్టి అమ్మడం లేదు, లోపల స్పష్టంగా రాసే ఉంటుంది. మోసం జరిగేది ఆన్‌లైన్ ఫొటోలో ఆ భాగం కనపడకుండా చేసినప్పుడు. వెనక అట్ట, మొదటి పేజీ అడుగుభాగం ఫొటోలు పంపనంటే ఆ బేరం వదులుకోవడమే మేలు.

చిన్నక్షరాల పేరా

మొదటి పేజీ అడుగునో, అట్ట లోపలివైపునో కంటికి ఆనని అక్షరాల్లో ఒక పేరా ఉంటుంది. సేకర్తలు దాన్ని ఇండీషియా అంటారు. పత్రిక అధికారిక పేరు, సంపుటం, సంచిక సంఖ్య, నెల, ప్రచురణకర్త చిరునామా, కాపీరైట్ సంవత్సరం అందులోనే ఉంటాయి. రెండో ముద్రణైతే చాలాసార్లు అక్కడే రాసి ఉంటుంది. అట్టకూ ఇండీషియాకూ పొంతన కుదరకపోతే ఇండీషియానే నమ్మాలి. రెండు చిరిగిన పుస్తకాలు కలిపి ఒకటి చేసినప్పుడు, అంటే ఒకదాని అట్ట ఇంకొకదాని లోపలి పేజీలకు తగిలించినప్పుడు, బయటపడేది ఈ పొంతన దగ్గరే.

అట్ట మీది నెల గురించి ఒక మాట. అది పుస్తకం అంగడికి వచ్చిన నెల కాదు. పాతబడిందని దుకాణదారు తొందరగా తీసేయకుండా రెండు మూడు నెలలు ముందు తేదీ వేసేవారు. 1938 జూన్ సంచిక అమ్మకానికి వచ్చింది ఏప్రిల్‌లో.

పాత కామిక్స్‌కు సేకర్తలు పెట్టుకున్న కాలాల పేర్లు క్లుప్తంగా చెప్పుకుంటే సరిపోతుంది. 1938 నుంచి గోల్డెన్ ఏజ్. 1956లో కొత్త ఫ్లాష్ పాత్ర వచ్చినప్పటి నుంచి సిల్వర్ ఏజ్. 1970 ప్రాంతం నుంచి 80ల నడిమి దాకా బ్రాంజ్ ఏజ్. సరిహద్దుల మీద వాదనలున్నా, పుస్తకం సైజు, కాగితం తీరు అంచనా వేయడానికి ఈ మూడు పేర్లు పనికొస్తాయి.

ఎవరూ అనుకోకుండా పుట్టిన తేడాలు

వేరియంట్ అంటే ఒకే సంచికలో ఏదో ఒక తేడాతో వచ్చిన ప్రతి. పాత వేరియంట్లలో చాలావాటిని సేకర్తల కోసం ఎవరూ తయారు చేయలేదు. వ్యాపార అవసరం కోసం చేసిన మార్పు తర్వాత అరుదైన వస్తువైంది.

1976లో మార్వెల్ తన పత్రికల ధర 25 సెంట్ల నుంచి 30కి పెంచాలనుకుంది. కొనేవాళ్లు ఊరుకుంటారో లేదో చూడటానికి ఏప్రిల్ నుంచి ఆగస్టు తేదీల సంచికలను కొన్ని ప్రాంతాల్లో మాత్రం 30 సెంట్లకు అమ్మింది. మిగతా దేశమంతా 25కే. మళ్లీ 1977 జూన్ నుంచి అక్టోబరు సంచికలతో 30 సెంట్లను 35కి మార్చి చూసింది. ఆ ఎక్కువ ధర ఉన్న ప్రతులు తక్కువగా అచ్చయ్యాయి, అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. ‘ఐరన్ ఫిస్ట్’ 14వ సంచిక (1977 ఆగస్టు, సేబర్‌టూత్ అనే విలన్ తొలిసారి వచ్చినది) రెండు ధరలతోనూ దొరుకుతుంది. 30 సెంట్లది మామూలుగా వెతికితే దొరికేదే, 35 సెంట్లదాని వెల దానికి చాలా రెట్లు.

ఇక్కడే జారిపడే చోటు కూడా ఉంది. 1977 నాటి ‘స్టార్ వార్స్’ తొలి సంచికల పునర్ముద్రణల మీద కూడా 35 సెంట్లే ఉంటుంది. ‘రీప్రింట్’ అన్న మాట అట్ట మీదో లోపలో కనపడితే అది పరీక్ష ధర ప్రతి కాదు. ఇక 30లోని సున్నాను 5గా దిద్దిన దొంగ ప్రతులుంటాయి. పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం పెట్టి చూస్తే అచ్చు సిరాకు, తర్వాత పెట్టిన సిరాకు తేడా తెలుస్తుంది. పెన్ను సిరా కాగితపు పీచులోకి పాకుతుంది.

బ్రిటిష్ ప్రతులు మన పాత పుస్తకాల గుట్టల్లో తగిలితే చాలామంది ‘నకలు’ అని పక్కన పెట్టేస్తారు. 60ల మార్వెల్ పుస్తకాల మీద 12 సెంట్ల బదులు 9 పెన్నీలో 10 పెన్నీలో ఉంటే అది నకలు కాదు. అమెరికాలో అదే అచ్చు యంత్రం మీద, అదే సమయంలో, ధర మాత్రం మార్చి బ్రిటన్ కోసం వేసిన ప్రతి. దీన్ని పెన్స్ వేరియంట్ అంటారు. అదే కాలపు డీసీ పుస్తకాలకు అలా విడిగా అచ్చు వేయలేదు, సెంట్ల ధర ఉన్న అమెరికా ప్రతి మీదే పెన్నీల రబ్బరు ముద్ర కొట్టేవారు. ముద్ర పడితే వేరియంట్ అయిపోదు. లండన్‌లోనే 70ల్లో నలుపు తెలుపులో కథలు కలిపి వేసిన వారపత్రికలు పూర్తిగా వేరే పుస్తకాలు.

ఇక 1979 తర్వాతి కాలానికి వస్తే, అప్పటి పుస్తకాలకు రెండు దారులుండేవి. పత్రికల దుకాణానికి వెళ్లేవి న్యూస్‌స్టాండ్ ప్రతులు. అమ్ముడుపోకపోతే ప్రచురణకర్త వెనక్కి తీసుకునేవాడు. కామిక్స్ దుకాణానికి వెళ్లేవి డైరెక్ట్ ప్రతులు. ఎక్కువ డిస్కౌంటు ఇచ్చేవారు, వాపసు లేదు. డైరెక్ట్ ప్రతులు తక్కువకు కొని న్యూస్‌స్టాండ్ వాపసుల్లో కలిపేయకుండా ఉండాలంటే రెండింటికీ గుర్తు వేరుగా ఉండాలి. అందుకే న్యూస్‌స్టాండ్ ప్రతి మీద బార్‌కోడ్, డైరెక్ట్ ప్రతి మీద ఆ చోట స్పైడర్‌మ్యాన్ ముఖంలాంటి చిన్న బొమ్మ. 90ల్లో డైరెక్ట్ ప్రతుల మీదకీ బార్‌కోడ్ వచ్చింది, పక్కన ‘డైరెక్ట్ ఎడిషన్’ అని రాసి. కాబట్టి 90ల తర్వాతి పుస్తకం మీద బార్‌కోడ్ కనపడగానే న్యూస్‌స్టాండ్ అనుకోకూడదు.

న్యూస్‌స్టాండ్ ప్రతికి ఎక్కువ ఇవ్వడం సబబేనా? ఒక వర్గం అనేది: కథ ఒకటే, కాగితం ఒకటే, ఒక చదరపు అంగుళం తేడాకు అదనం అడగడం అమ్మేవాళ్ల ఎత్తుగడ. రెండో వర్గం అనేది: న్యూస్‌స్టాండ్ ప్రతులను పిల్లలు కొని చదివి చింపేశారు, మిగిలినవి వెనక్కి వెళ్లాయి, కామిక్స్ దుకాణంలో కొన్నవాళ్లే కవర్లలో దాచుకున్నారు, కాబట్టి శుభ్రంగా మిగిలిన న్యూస్‌స్టాండ్ నిజంగా తక్కువ. కాలాన్ని బట్టి చూస్తే ఇద్దరి మాటకూ చోటుంది. 80ల మొదట్లో న్యూస్‌స్టాండే ఎక్కువ అచ్చయ్యేది, దానికి అదనం ఇవ్వడానికి కారణం బలహీనం. 90ల చివర నుంచి ఆ ప్రతులు బాగా తగ్గాయి, అప్పటివాటికి రెండో వర్గం వాదనే గట్టిది.

కావాలని పుట్టించిన అరుదుతనం

1986లో సూపర్‌మ్యాన్ కథను కొత్తగా మొదలుపెట్టిన ‘ది మ్యాన్ ఆఫ్ స్టీల్’ మొదటి సంచిక రెండు అట్టలతో వచ్చింది. ఇప్పటి వేరియంట్ అట్టల వ్యాపారానికి దాన్నే మొదలుగా చెబుతారు. 1991లో ‘ఎక్స్‌మెన్’ మొదటి సంచిక ఐదు అట్టలతో 80 లక్షలకు పైగా ప్రతులు పోయింది. ఐదూ కొని ప్లాస్టిక్ కవర్లలో దాచుకున్నవాళ్లు లక్షల్లో ఉన్నారు. అందుకే ముప్పై ఏళ్లు దాటినా అది ఇప్పటికీ చవకే. వయసు ఒక్కటే విలువ తేదన్నదానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇప్పుడు నడుస్తున్నది ఇన్సెంటివ్ వేరియంట్ల పద్ధతి. 1:25 అంటే దుకాణదారు మామూలు అట్ట 25 ప్రతులు తెప్పించుకుంటే ప్రత్యేక అట్ట ప్రతి ఒకటి తెప్పించుకోవచ్చు. 1:100 అంటే వందకు ఒకటి. ఆ ప్రత్యేక ప్రతికి దుకాణంలో పెద్ద ధర ఎందుకుంటుందో లెక్క వేసి చూద్దాం. పుస్తకం ధర 4 డాలర్లు, దుకాణదారుకు సుమారు సగానికి, 2 డాలర్లకు పడిందనుకుందాం. 100 ప్రతులకు 200 డాలర్లు. అతని దుకాణంలో నిజంగా అమ్ముడయ్యేవి 20. వాటి మీద 80 డాలర్లు వస్తాయి. ఇంకా 120 డాలర్లు లోటు, వాపసు లేదు. అందుకే ఆ ఒక్క వేరియంట్‌కు 150 డాలర్ల చీటీ అతికిస్తాడు. మొదటి రోజు ఆ 150 చెప్పేది అరుదుతనం గురించి కాదు, అమ్ముడుపోని 80 ప్రతుల గురించి. కొన్ని నెలల్లో చాలా వేరియంట్ల ధర జారిపోవడానికి కారణమిదే.

మరి అవి నిజంగా ఎన్ని ఉంటాయి? మొత్తం 40,000 ప్రతులకు ఆర్డర్లు వచ్చాయనుకుంటే 1:100 ప్రకారం గరిష్ఠంగా 400 ఉండాలి. చాలా దుకాణాలు వంద తెప్పించవు కాబట్టి ఇంకా తగ్గొచ్చు. చిరిగినవాటికి బదులివ్వడానికి ప్రచురణకర్త కొన్ని అదనంగా వేస్తాడు కాబట్టి పెరగనూ వచ్చు. నిష్పత్తి ఆర్డరు నియమం మాత్రమే, ముద్రణ సంఖ్య కాదు. ఈ అట్టలను ఇష్టపడేవాళ్ల వాదన కూడా న్యాయమైనదే: మంచి చిత్రకారుల పని అట్ట మీద పెద్దగా చూసుకునే అవకాశం ఇదే, బొమ్మ కోసం కొనేవాడికి రేపటి ధరతో పని లేదు. చిక్కల్లా బొమ్మ కోసం కొంటున్నానని చెప్పుకుంటూ ధర పెరుగుతుందని ఎదురుచూసేటప్పుడే.

గ్రేడు, ప్లాస్టిక్ డబ్బా, ఇస్త్రీ

ఏ ప్రతో తేలాక రెండో ప్రశ్న, ఎలా ఉంది అని. 2000లో మొదలైన సీజీసీ లాంటి సంస్థలు పుస్తకాన్ని 0.5 నుంచి 10 వరకు కొలిచి గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు వేస్తాయి. నీలం చీటీ మామూలుది. రంగు దిద్దడం, చిరుగు అతకడం, అంచులు కోయడం జరిగి ఉంటే ఊదా చీటీ. ఏదో ఒక పెద్ద లోపం వేరుగా చెప్పాల్సి వస్తే ఆకుపచ్చ. ఊదా చీటీ పడితే ధర బాగా పడిపోతుంది. పాతదాన్ని ‘అందంగా’ చేద్దామని స్కెచ్‌పెన్నుతో అట్ట అంచున నల్లరంగు పూసినా అదే గతి.

లోపాల్లో కంటికి కనపడనిది అసంపూర్ణత. 1974 నవంబరు తేదీ వేసిన ‘హల్క్’ 181వ సంచికలో ఎక్స్‌మెన్ వీరుడు వుల్వరిన్ తొలిసారి పూర్తి స్థాయిలో కనిపిస్తాడు. ఆ కాలంలో మార్వెల్ ఉత్తరాల పేజీలో కత్తిరించి అతికించుకునే స్టాంపు ఒకటి అచ్చేసేది. పిల్లలు కత్తిరించుకున్నారు. అట్ట మెరుస్తూ, వెన్ను నిటారుగా, స్టేపుల్ తుప్పు లేకుండా ఉన్న ప్రతి కూడా ఆ చిన్న చదరం లేకపోతే విలువలో పెద్ద భాగం కోల్పోతుంది. పుస్తకం కొనేముందు ప్రతి పేజీ లెక్కపెట్టాలి. నడిమి పేజీ రెండు స్టేపుల్స్‌కీ పట్టుకుని ఉందో లేదో వేలితో తాకి చూడాలి.

అట్ట మీది ముడతలను వేడి, తేమ, ఒత్తిడితో సరిచేయడాన్ని ప్రెస్సింగ్ అంటారు. బయటి పదార్థం ఏదీ కలపలేదు కాబట్టి ఇది మరమ్మతు కాదని గ్రేడింగ్ సంస్థల వైఖరి. చెప్పకుండా చేయడం తప్పని పాత సేకర్తల్లో గట్టి అభిప్రాయముంది. ఇద్దరూ ఒప్పుకునేది ఒకటే: ఇంట్లో బట్టల ఇస్త్రీపెట్టెతో చేయకూడదు. అట్ట పూత మెరుపు పోతుంది, స్టేపుల్ అచ్చు కాగితంలోకి దిగుతుంది, సిరా పక్క పేజీకి అంటుతుంది.

అనంతపురం నుంచి అమెరికాకు పంపి గ్రేడు చేయించాలంటే రానూపోనూ కొరియరు, బీమా, గ్రేడింగ్ రుసుము, వచ్చేటప్పుడు కస్టమ్స్ అన్నీ కలపాలి. పుస్తకం వెల ఆ మొత్తానికి కనీసం మూడు నాలుగు రెట్లు లేకపోతే గిట్టదు. డబ్బాలో పెట్టాక చదవలేరు కూడా. అమ్మే ఉద్దేశం లేనివాళ్లకు డబ్బా అక్కర్లేదు.

సీమ ఎండలో న్యూస్‌ప్రింట్

పాత కామిక్స్ అచ్చయింది చవక న్యూస్‌ప్రింట్ మీద. కొయ్యను నూరి చేసిన ఆ గుజ్జులో లిగ్నిన్ మిగిలిపోతుంది. అది గాలి, వెలుగు తగిలి పసుపు తిరుగుతుంది, ఆమ్లం పుట్టి కాగితం పెళుసవుతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఇలాంటి రసాయన చర్య వేగం సుమారు రెట్టింపవుతుంది. మే నెలలో మిద్దె కింద అటక మీద ఎంత వేడి ఉంటుందో మనకు తెలిసిందే. అనంతపురం లాంటి పొడి చోట బూజు బెడద తక్కువ, పేజీ మడత దగ్గర పుటుక్కున విరగడం ఎక్కువ. వానాకాలంలో గోడ నెమ్ము తీసుకునే ఇళ్లలో దీనికి తలకిందులుగా ఉంటుంది.

ఉండాల్సిన చోటు ఇంటి మధ్య గది, లోపలి గోడ, నేలకు అర అడుగైనా పైన. పడమటి గోడలోకి దిగ్గొట్టిన కడప బండ అరలు మధ్యాహ్నం వేడిని రాత్రి దాకా పట్టి ఉంచుతాయి, వాటి మీద వద్దు. పుస్తకాలను పెట్టెలో నిలబెట్టాలి, వంగిపోకుండా నిండుగా, కానీ బలవంతంగా ఇరికించకుండా. కవరు పాలీప్రొపిలీన్‌దో, ఇంకా మేలైన పాలిస్టర్‌దో కావాలి. స్టేషనరీ అంగట్లో దొరికే మెత్తటి పీవీసీ కవరు కొన్నేళ్లకు జిడ్డు వదిలి అట్టకు అతుక్కుంటుంది. సిల్వర్ ఏజ్ పుస్తకానికి 7⅛ × 10½ అంగుళాల కవరు సరిపోతుంది. వెనక పెట్టే అట్ట ఆమ్లం లేనిదై ఉండాలి, పాత శుభలేఖ అట్టలు కాదు. కలరా ఉండల వాసన న్యూస్‌ప్రింట్‌కు పట్టిందంటే ఏళ్లు గడిచినా వదలదు.

అన్నింటికంటే పెద్ద నష్టం ప్రేమతో చేసేది: లామినేషన్. సర్టిఫికెట్లలాగే భద్రమని అట్టకు వేడి ప్లాస్టిక్ అతికిస్తారు. దాన్ని తిరిగి తీయలేం.

2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచినప్పటిలాంటి వరద వస్తే గుర్తుంచుకోవాల్సింది ఇది: తడిసిన పుస్తకాన్ని ఎండలో తెరిచి పెట్టకూడదు, మెరుపు పూత పేజీలు ఒకదానికొకటి అతుక్కుని అట్టముక్క అవుతాయి. తీరిగ్గా ఆరబెట్టే వీలు లేకపోతే 48 గంటల్లోపు కవర్లలో విడివిడిగా పెట్టి ఫ్రీజర్‌లో ఉంచాలి. బూజు ఆగుతుంది. తర్వాత ఒక్కొక్కటే తీసి, పేజీల మధ్య అచ్చులేని తెల్ల కాగితం మారుస్తూ ఫ్యాను గాలికి ఆరబెట్టొచ్చు.

మన పెట్టెల్లో నిజంగా ఉండేవి

సీమ ఇళ్లలో 1962 స్పైడర్‌మ్యాన్ దొరకడం అసాధ్యం కాకపోయినా, ఇంద్రజాల్ కామిక్స్ దొరికే అవకాశం చాలా ఎక్కువ. టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ 1964 మార్చిలో 60 పైసలకు మొదలుపెట్టి 1990 దాకా నడిపింది. ముసుగు, బిగుతు దుస్తుల వీరుడు ఫాంటమ్ 1936లోనే పుట్టాడు, సూపర్‌మ్యాన్ కంటే ముందు. మాండ్రేక్, 1976 నుంచి మన బహదూర్ కూడా ఇందులో వచ్చారు. అమెరికా ధరల గైడ్లలో వీటికి చోటు లేదు, కాబట్టి ఆధారం ఇటీవల నిజంగా ముగిసిన అమ్మకాలే. ఆన్‌లైన్‌లో ఎవరో 25,000 రూపాయలని పెట్టిన ప్రకటన ధర కాదు, కోరిక. అదే సంచిక అదే స్థితిలో మూడు నాలుగు చోట్ల ఎంతకు తెగిందో చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

ఇంద్రజాల్ సెట్టు పూర్తి చేయాలనుకునేవాళ్లు సంఖ్యల దగ్గర జాగ్రత్తపడాలి. సమ్మె వల్ల 123, 124 సంఖ్యలు అసలు అచ్చు కాలేదు. అవి తమ దగ్గరున్నాయనేవాళ్లతో బేరం అక్కర్లేదు. తర్వాతి కాలంలో వరుస సంఖ్య బదులు సంపుటం, సంచిక పద్ధతికి మారారు కాబట్టి జాబితా రాసుకునేటప్పుడు రెండూ రాసుకోవాలి.

ఇటీవలి వాటిలో 2004 నాటి ‘స్పైడర్‌మ్యాన్ ఇండియా’ను చూడొచ్చు. అందులోని స్పైడర్‌మ్యాన్ పవిత్ర్ ప్రభాకర్ 2023లో ఒక యానిమేషన్ సినిమాలోకి వచ్చాక దానికి గిరాకీ పెరిగింది. రూపాయల ధరతో గోథమ్ కామిక్స్ వేసినది, డాలర్ల ధరతో మార్వెల్ వేసినది వేర్వేరు ప్రతులు. ఏది ఎక్కువ అని విదేశీ సేకర్తలు, మన సేకర్తలు ఇంకా తేల్చుకోలేదు. అమ్మేవాళ్లు ధర గడి ఫొటో పెట్టడం కనీస మర్యాద.

చివరిగా బైండు పుస్తకాల సంగతి. అద్దె పుస్తకాల అంగళ్లలో, ఇళ్లలో కూడా పది పదిహేను సంచికలు కలిపి కుట్టించి, మూడు వైపులా అంచులు కోయించేవారు. కొన్నిసార్లు ముందు అట్టలు కూడా తీసేసేవారు. అలా కోసిన ప్రతి విడిగా చూస్తే మామూలుగానే ఉంటుంది. కోయని ప్రతి పక్కన పెడితే రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువ, వెన్ను పక్కన వరుసగా సూది రంధ్రాలు. విప్పి విడివిడిగా అమ్మితే లాభమనుకోవద్దు. వెన్నుకు పట్టిన జిగురుతో పాటు కాగితం ఊడొస్తుంది, ఒక మంచి సంపుటం పదిహేను చిరిగిన పుస్తకాలవుతుంది. బైండు అలాగే ఉంచి, ఏయే సంఖ్యలున్నాయో, వేటికి అట్టలున్నాయో ఒక చీటీ మీద పెన్సిల్‌తో రాసి లోపల పెట్టి, కొనేవాళ్లకు ఆ చీటీ ఫొటో కూడా పంపితే సరిపోతుంది.